రెండోసారి అడగని ప్రశ్న

పెద్ద మేడం పోయారన్న కబురు తొందరయ్యకి మీటింగు మధ్యలో అందింది. వచ్చే ఏడాది ఎన్ని సీట్లు పెంచాలన్న విషయం మీద పదకొండు మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. అటెండరు చిన్న కాగితం మడిచి తెచ్చి చేతిలో పెట్టాడు. తొందరయ్య విప్పి చదివాడు. మళ్ళీ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "సరే, తర్వాతి అంశం" అన్నాడు. మిగతా మూడు అంశాలూ పూర్తయ్యేదాకా ఆ సంగతి ఎవరి చెవినా వెయ్యలేదు.

ఇంటికెళ్ళాక భార్య అడిగింది, "అప్పుడే ఎందుకు చెప్పలేదండీ?" అని.

"చెప్తే మీటింగు ఆగిపోతుంది కదా" అన్నాడు. ఆ మాట తన చెవులకే ఎలాగో వినబడింది. కంచం ముందునుంచి లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

తొందరయ్య అనేది అతని అసలు పేరు కాదు. అసలు పేరు ఆఫీసు గది తలుపు మీద ఉంది, దాని కింద డీన్ అన్న హోదా కూడా ఉంది. తొందరయ్య అని పెట్టింది పెద్ద మేడం. ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందట, మొదటి సంవత్సరం మొదటి క్లాసులో పెట్టారు. ఆ పేరు క్లాసు దాటి, విభాగం దాటి, చివరికి అతని అత్తవారింటిదాకా వెళ్ళి స్థిరపడిపోయింది.

ఆ రోజుల్లో యూనివర్సిటీ మొత్తానికీ ఉన్నది ఒక్కటే కంప్యూటరు. అద్దాల గదిలో చల్లగా కూర్చుని ఉండేది. విద్యార్థులకి లోపలికి ప్రవేశం లేదు. రాసిన ప్రోగ్రాము కిటికీలోంచి ఇచ్చి వస్తే మర్నాడు సాయంత్రానికి కాగితం బయటికొచ్చేది, ఎక్కడో ఒక కామా తప్పిందని చెప్పడానికి. యంత్రాన్ని ముట్టుకోనివ్వకుండా యంత్రానికి పని చెప్పడం ఎలా నేర్పాలో ఎవరికీ అంతుపట్టలేదు. మిగతా మేష్టార్లు బోర్డు మీద రాసేవారు, పిల్లలు ఎక్కించుకునేవారు, అంతటితో ఇద్దరి బాధ్యతా తీరిపోయేది.

పెద్ద మేడం మాత్రం క్లాసులోకి వస్తూనే బల్లలన్నీ గోడకి జరిపించారు. మధ్యలో నాలుగు కుర్చీలు వేయించి, వాటి వెనక సుద్దతో క, గ, చ, జ అని రాశారు. ఒక్కో కుర్చీలో ఒక విద్యార్థిని కూర్చోబెట్టి చేతికి పలక ఇచ్చారు.

"మీరు మనుషులు కారు, పెట్టెలు. పెట్టెకి ఆలోచన ఉండదు. పలక మీద ఒక్క అంకె ఉంటుంది, కొత్తది వస్తే పాతది తుడిచేస్తారు, అంతే. ఇప్పుడు క లో ఏడు ఉంది. క లో ఉన్నదాన్ని గ లో..."

"ఏడు మేడం!" అని వెనకనుంచి ఒక గొంతు అరిచింది.

ఆవిడ కళ్ళజోడు కిందికి దించి చూశారు. "తొందరయ్యా, ప్రశ్న ఇంకా నా నోట్లోనే ఉంది. బయటికి రానీ."

క్లాసంతా గొల్లుమంది. ఆవిడ ప్రశ్న పూర్తిచేశారు. క లో ఉన్నదాన్ని గ లో వేశాక, క లో తొమ్మిది రాస్తే, అప్పుడు గ లో ఎంత ఉంటుంది? తొందరయ్య ఈసారి కూడా ముందుగానే అరిచాడు, తొమ్మిదని. సగం మంది తలూపారు. గ కుర్చీలో కూర్చున్న అమ్మాయి తన పలక వైపు చూసుకుని, "నన్నెవరూ తుడవమనలేదు కదా, నాది ఏడే" అంది. ఆ పూట ఆ గదిలో అరవై మందికీ అర్థమైన విషయం మిగతా క్లాసుల్లో ఏడాదికీ బుర్రకెక్కేది కాదు.

ఇంకా విచిత్రమేమిటంటే ఆవిడ తప్పు జవాబు కనబడితే సంతోషించేవారు. పరీక్ష తప్పిన ప్రతి ఒక్కరినీ తన గదికి పిలిచి, పక్కన కుర్చీ వేసి, పదిహేను నిమిషాలు కూర్చోబెట్టుకునేవారు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "నువ్వేమనుకున్నావో చెప్పు."

ఒకసారి ఒక కుర్రాడు పది అంకెల్లో పెద్దదాన్ని కనిపెట్టమంటే, ఒక పెట్టెకి 'పెద్దది' అని పేరుపెట్టి, ఇంకేమీ రాయకుండా ఊరుకున్నాడు. దిద్దిన మేష్టారు సున్నా వేసి, పక్కన 'సోమరి' అని రాశారు. పెద్ద మేడం అడిగితే కుర్రాడు నీళ్ళు నమిలి, చివరికి బయటపెట్టాడు: "పెద్దది అని పేరు పెట్టాను కదా మేడం, దానికి తెలీదా?"

ఆవిడ నవ్వలేదు. "ఎంత బాగా చెప్పావు! నువ్వు సోమరివి కావు, కంప్యూటరుకి తెలుగొచ్చనుకున్నావు" అని ఆ కుర్రాడి మాట నోటుబుక్కులో రాసుకున్నారు. తప్పు వెనక ఎప్పుడూ ఒక ఆలోచన ఉంటుందనీ, ఆ ఆలోచన దొరక్కుండా జవాబు మాత్రం దిద్దితే అది వేరే చోట మళ్ళీ మొలుస్తుందనీ ఆవిడ నమ్మకం. దాని మీద వ్యాసాలు రాస్తే తోటివాళ్ళు పెదవి విరిచారు. ఇది కంప్యూటరు సైన్సా, పిల్లల పెంపకమా అని స్టాఫ్ రూములో నవ్వుకున్నారు. పదేళ్ళు తిరిగేసరికి దేశదేశాల ప్రొఫెసర్లు వచ్చి ఆ కుర్చీల గదిలో వెనక బెంచీ మీద కూర్చుని రాసుకుని వెళ్ళారు. నవ్వినవాళ్ళు వాళ్ళకి టీ తెప్పించారు.

తొందరయ్య చదువైపోయాక ఆవిడ దగ్గరే అసిస్టెంటుగా చేరాడు. ఏడేళ్ళు ఒకే గదిలో, ఆవిడ కుర్చీకి రెండు గజాల దూరంలో అతని కుర్చీ. వారంలో చాలా రోజులు భోజనం కూడా ఆవిడ ఇంట్లోనే. పెద్ద మేడం పెళ్ళి చేసుకోలేదు. ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే చెల్లెలితో కలిసి ఉండేవారు. ఆ చెల్లెల్ని వీధంతా నర్సమ్మ అనేది. తొందరయ్య మాత్రం అక్కా అనేవాడు.

అంతా సవ్యంగానే సాగింది. తొందరయ్య నలభయ్యేళ్ళకే విభాగానికి హెడ్డయ్యాడు. అరవై మంది ఉన్న క్లాసు ఆ ఏడాదే నాలుగు వందలయింది.

లెక్క అతని బల్ల మీద ఉంది. మొదటి పరీక్షలో సగం మంది తప్పుతారు. రెండు వందల మందితో తలా పదిహేను నిమిషాలంటే యాభై గంటలు. ఏడాదికి నాలుగు పరీక్షలు. అదే కంప్యూటరు మీద పరీక్ష పెడితే జవాబు నొక్కగానే మార్కు వచ్చేస్తుంది, ఎవరూ ఎవరితోనూ కూర్చోనక్కర్లేదు. అయిదుగురితో కమిటీ వేశాడు. మూడుసార్లు కూర్చుని తీర్మానం రాశారు. మొదటి సంవత్సరం కోర్సు పెద్ద మేడం దగ్గర్నుంచి తీసి కుర్ర లెక్చరరుకి ఇవ్వాలి, పరీక్షలు కంప్యూటరు మీదే జరగాలి, కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి ఎత్తెయ్యాలి. ఆవిడ రిటైరవడానికి అప్పటికి ఇంకొక్క ఏడాది ఉంది.

ఆవిడ గదికీ అతని గదికీ మధ్య పన్నెండు అడుగుల వరండా. తొందరయ్య తీర్మానం మీద సంతకం పెట్టి, కవరులో పెట్టి, అటెండరు చేత పంపించాడు.

పది నిమిషాల్లో ఆవిడే వచ్చారు. కవరు చేతిలో లేదు. మొహంలో కోపం కూడా కనబడలేదు. కుర్చీ లాక్కుని అతనికి ఎదురుగా కాకుండా పక్కకి వేసుకుని కూర్చున్నారు.

"చెప్పు. నువ్వేమనుకున్నావు?"

ఏ విద్యార్థినైనా ఎంత మెత్తగా అడుగుతారో అంత మెత్తగానే అడిగారు. తొందరయ్య చూపు గోడ గడియారం మీదికి పోయింది.

"అదీ... నాలుగు వందల మంది కదా మేడం. కమిటీ అనుకున్నది..."

"కమిటీ సంగతి కాగితంలో చదివాను. నువ్వేమనుకున్నావని."

తొందరయ్య బల్ల మీది కాగితాలు సర్దాడు. "మేడం, ఏమీ అనుకోకండి, నాకిప్పుడు మీటింగుంది."

ఆవిడ ఇంకాసేపు అతని వైపే చూశారు. తర్వాత లేచి, కుర్చీ ఎక్కడినుంచి లాక్కున్నారో అక్కడే పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు మీటింగు లేదు. మర్నాడు కూడా లేదు.

మిగిలిన ఏడాదీ ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. ఇచ్చిన వేరే క్లాసులు చెప్పారు, వరండాలో ఎదురైతే ఎప్పటిలాగే భార్యాపిల్లల క్షేమం అడిగారు. రిటైరైన రోజున తొందరయ్య ముప్పావుగంట మాట్లాడాడు. మార్గదర్శి అన్నాడు, ఋషి అన్నాడు, ఆవిడ లేకపోతే తాను లేనన్నాడు. చప్పట్లు బాగానే మోగాయి. అక్కడితో చెల్లుకు చెల్లయిందని చేతులు దులుపుకున్నాడు. ఆ తర్వాత పదహారేళ్ళలో ఆవిణ్ణి చూసింది రెండో మూడో పెళ్ళిళ్ళలో, అదీ దూరంనుంచి.

రెండేళ్ళ కిందట ఆవిడే ఫోన్ చేశారు. "తొందరయ్యా, తీరికుంటే ఒకసారి రాగలవా? నా నోటుబుక్కులు ఉన్నాయి. ఎవరికివ్వాలో తోచడం లేదు."

"తప్పకుండా మేడం. వచ్చే వారం" అన్నాడు.

వచ్చే వారం వచ్చే నెలయింది, వేసవి సెలవులయింది. ప్రతి పనికీ ముందు పరిగెత్తే మనిషి ఈ ఒక్క పనికి మాత్రం కాళ్ళీడ్చాడు. భార్య రెండుసార్లు గుర్తుచేసింది, మూడోసారి మానేసింది.

సంస్మరణ సభ ఏర్పాట్లు అందరూ కలిసి అతని నెత్తిన పెట్టారు. మొదటి శిష్యుడు మీరే కదా అన్నారు. ఫొటో కావాలి, జీవిత వివరాలు కావాలి. తప్పదు కాబట్టి ఆదివారం పొద్దున్నే ఆ ఇంటికి వెళ్ళాడు.

రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. నర్సమ్మ తలుపు తీసి, కళ్ళు చికిలించి చూసింది. డెబ్బై దాటినా నడుం వంగలేదు.

"వచ్చే వారం అన్నావట కదా బాబూ. ఇదేనా?" అంది.

తొందరయ్య గుమ్మంలోనే చెప్పులు విడిచాడు. ఆవిడ పక్కకి తప్పుకుని దారిచ్చింది. "రా, కూర్చో. నాకు మాట దాచుకోవడం చేతకాదు. అనేశాను, అయిపోయింది. టీ తాగుతావా?"

ఫొటో వెతకడానికి నర్సమ్మ ఇనప బీరువా తెరిచింది. "చూడు మా అక్క సంసారం. బట్టలకి ఒక అర, నోటుబుక్కులకి మూడు. నా సామానంతా మంచం కింద." అలా అంటూనే పై అరలో పుస్తకాల వరస మీద దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది.

ముప్ఫై ఒక్క నోటుబుక్కులు ఉన్నాయి. తొందరయ్య ఒకటి తీశాడు. పేజీకొక విద్యార్థి. పైన తేదీ, కింద ఇచ్చిన లెక్క, దాని కింద విద్యార్థి అన్న మాటలు, అన్నవి అన్నట్టే. 'రెండుసార్లు చెప్తే గట్టిగా గుర్తుంటుందని రెండుసార్లు రాశాను.' 'పైన రాసింది కిందవాడికి తెలుస్తుంది కానీ కింద రాసింది పైవాడికి ఎలా తెలుస్తుంది?' 'భయమేసి ఆపేశాను, ఎందుకు భయమేసిందో తెలీదు.' వేలకొద్దీ పేజీలు. ఒక పేజీ చదివితే ఇంకొకటి చదవాలనిపిస్తోంది. తొందరయ్య టీ సంగతి మరిచిపోయాడు.

కాసేపటికి అతనికి ఒక సందేహం వచ్చింది. ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఇంకో రెండు పుస్తకాలు తీసి చూశాడు.

"అక్కా, వీటిలో వాళ్ళు అన్నదే ఉంది. మేడం ఏం చెప్పారో ఎక్కడా లేదే?"

"రాసుకునేది కాదు. నేనూ అడిగాను ఒకసారి. నేను చెప్పేది ఎదుటివాళ్ళని బట్టి ఉంటుందే, రాసుకున్నానంటే రేపు ఇంకొకళ్ళకి అదే అప్పజెప్తాను అంది."

ఒక పుస్తకం సగం దాకా నిండి ఆగిపోయింది. కోర్సు ఆవిడ చేతిలోంచి పోయిన ఏడాదిది. తొందరయ్య చివర రాసిన పేజీ తిప్పాడు. ఆ తేదీ అతనికి తెలుసు. కింద లెక్క లేదు. ఆవిడ గుండ్రటి దస్తూరీలో నాలుగైదు ముక్కలే ఉన్నాయి.

'హెడ్డు. కూర్చోవలసింది పదిహేను నిమిషాలు, కూర్చున్నది నాలుగు. ఏమనుకున్నాడో చెప్పలేదు. నాకు కోపం వచ్చి రెండోసారి అడగలేదు. అడగవలసింది. తప్పు నాది.'

తొందరయ్య ఆ పేజీ ఎంతసేపు చూశాడో నర్సమ్మ చూసింది. చల్లారిన టీ కప్పు తీసి పక్కన పెట్టింది.

"ఆ రోజు మీటింగు లేదక్కా" అన్నాడు చివరికి.

"తెలుసు. అక్క వరండాలో అరగంట నించుందట. నువ్వు గదిలోంచి బయటికి రాలేదట. ఇంటికొచ్చి ఒకటే గొడవ, వాడేదో చెప్పాలనుకున్నాడే, నేనే లేచొచ్చేశాను అని. నేను నాలుగు తిట్టాను నిన్ను. నా మీద కూడా కోప్పడింది."

తొందరయ్య తలొంచుకున్నాడు. రెండోసారి అడిగి ఉంటే ఏం చెప్పేవాడో అతనికి తెలుసు, పదిహేడేళ్ళుగా తెలుసు. నాలుగు వందల మంది అన్నది నిజమే కానీ అసలు కారణం అది కాదు. అసిస్టెంటుగా ఉన్న ఏడేళ్ళూ తప్పినవాళ్ళని ఇద్దరూ పంచుకునేవారు. అతని కుర్చీ పక్కన కూర్చున్నవాళ్ళు రెండు నిమిషాల్లో సరైన జవాబు పట్టుకుని లేచిపోయేవారు. తర్వాత మెల్లిగా వెళ్ళి గుమ్మం ముందు ఆవిడ కోసం వరసలో నించునేవారు. ఆవిడ ఎవరినీ పంపేసేవారు కాదు. ఆ వరస అతని కంటికి రోజూ కనబడేది. హెడ్డయ్యాక అతను ఎత్తేసింది ఆ వరసని.

"అసూయ అక్కా" అన్నాడు. "ఇంకేం లేదు."

నర్సమ్మ బీరువా తలుపు వేసి, "ఇది నాకు చెప్పి ఏం లాభం బాబూ?" అంది.

సభకి హాల్లో నలభై కుర్చీలు వేయించారు. విభాగంనుంచి పదిహేను మంది వస్తే గొప్ప. కానీ అయిదు నిమిషాల ముందు ముక్కూ మొహం తెలియని మనుషులు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. బ్యాంకులో పనిచేసేవాళ్ళు, టైలరు, బడి పంతులమ్మలు. కుర్చీలు చాలక గోడవారన నించున్నారు. పెద్దవాళ్ళు మాట్లాడాక, ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే, నీలం యూనిఫాంలో ఉన్న ఒకాయన పనిముట్ల సంచీ భుజానికి వేసుకునే మైకు దగ్గరికి వచ్చాడు.

"నేను లిఫ్టులు బాగుచేస్తానండి. మేడంగారు చెప్పే కోర్సు రెండుసార్లు తప్పి చదువు మానేశాను. కాబట్టి మేడంగారి శిష్యుణ్ణని చెప్పుకునే అర్హత ఉందో లేదో తెలీదు. మానేస్తానని చెప్పడానికి వెళ్తే గంటసేపు కూర్చోబెట్టుకున్నారు. మానొద్దని ఒక్క మాట కూడా అనలేదు. నేను ఏ తప్పు ఎందుకు చేశానో నాచేతే చెప్పించారు. బయటికొచ్చేటప్పటికి నేను మొద్దుని కానని నాకు తెలిసిపోయింది. అది చాలనిపించింది." అతను సంచీ భుజం మార్చుకున్నాడు. "ఇప్పుడు లిఫ్టు ఆగిపోతే మావాళ్ళు సుత్తి తీసుకుని పోతారండి. నేను ముందు దాని ముందు నించుని, ఇదేమనుకుంటోంది అని అడుగుతాను. నిన్న ఒకటి, తలుపు శుభ్రంగా మూసే ఉంది. లిఫ్టు మాత్రం తెరిచుందనుకుంటోంది. పాపం, అందుకే కదలడం లేదు. దాని తప్పేముంది?"

జనం నవ్వారు. కొందరు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

తొందరయ్య వంతు చివర్న వచ్చింది. జేబులో నాలుగు పేజీల ప్రసంగం ఉంది. రిటైరైన రోజు ప్రసంగానికి అన్నదమ్ములాంటిదే. బయటికి తీశాడు, విప్పకుండా బల్ల మీద పెట్టేశాడు.

"ఆ కూర్చోబెట్టి మాట్లాడే పద్ధతి ఇప్పుడు లేదు. ఎత్తేసింది నేను. విద్యార్థులు ఎక్కువయ్యారని కాగితం మీద రాశాను. నాకు చేతకానిది ఆవిడకి చేతనయిందని ఎత్తేశాను. ఆవిడ వచ్చి కారణం అడిగితే మీటింగుందని అబద్ధం చెప్పాను." ఇంకేదో అనబోయాడు. "అంతే" అని వెళ్ళి కూర్చున్నాడు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అరవలేదు. వైస్ చాన్సలరు గడియారం చూసుకుని వందన సమర్పణ కానిమ్మన్నారు. బయట టీ దగ్గర ఒక సహోద్యోగి దగ్గరికొచ్చి భుజం తట్టాడు. "ఎందుకండీ ఇప్పుడవన్నీ? పోయినావిడ వింటారా, పెడతారా?"

నర్సమ్మ మెట్లు దిగుతూ అతని దగ్గర ఆగింది. చెయ్యి పట్టుకుని, మెట్లు దిగేదాకా వదల్లేదు. ఆసరాకి పట్టుకుందో, ఇంకెందుకు పట్టుకుందో తొందరయ్యకి తెలియలేదు.

ఆ పద్ధతి మళ్ళీ పెట్టించాలని అతను కమిటీకి రాశాడు. ఇప్పుడు తొమ్మిది వందల మంది ఉన్నారని జవాబు వచ్చింది. లెక్క సరిగ్గానే ఉంది, ఆ లెక్క వెయ్యడం వాళ్ళకి నేర్పింది అతనే. దానికి బదులు పెద్ద మేడం జ్ఞాపకార్థం ఒక హాలుకి ఆవిడ పేరు పెట్టాలని తీర్మానించారు. ఏ హాలో తొందరయ్య ప్రారంభోత్సవానికి వెళ్ళినప్పుడే చూశాడు. రెండు వందల కంప్యూటర్లతో పరీక్షలు జరిగే హాలు. గుమ్మం పైన ఆవిడ పేరున్న బోర్డు, పక్కన ఫొటో, లోపల చప్పుడు లేకుండా మార్కులు వేసే యంత్రాలు. రిబ్బను కత్తిరించమని కత్తెర అతని చేతికే ఇచ్చారు. కత్తిరించాడు. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

మూడో రోజు భార్య అంది, "బోర్డు మీద కోపం తెచ్చుకుని ఏం చేస్తారు? వాళ్ళెవరూ కూర్చోకపోతే మీరు కూర్చోండి. కుర్చీ లేదా మీకు?"

అలా మొదలైంది. మొదటి సంవత్సరంలో తప్పినవాళ్ళు మంగళవారం మధ్యాహ్నం రెండునుంచి నాలుగు వరకు తన గదికి రావచ్చని నోటీసు పెట్టించాడు. డీన్ గది అనేసరికి హడలిపోయి రెండు వారాలు ఎవరూ రాలేదు. మూడో వారం ఒకమ్మాయి వచ్చింది. కుర్చీ అంచున కూర్చుని కాగితం చూపించింది. తొందరయ్య చూడగానే తప్పు పట్టేశాడు. "ఇదిగో, ఇక్కడ ఒకటి కలపాలి" అన్నాడు. అమ్మాయి థాంక్యూ సర్ అని వెళ్ళిపోయింది. నిమిషమున్నర పట్టింది. తలుపు మూసుకున్నాక గుర్తొచ్చింది, ఏమనుకుందో అడగనేలేదని.

ఆ అమ్మాయి తర్వాతి పరీక్ష కూడా తప్పింది, సరిగ్గా అదే తప్పుతో. మళ్ళీ వచ్చింది. ఈసారి తొందరయ్య నాలుక పళ్ళ కింద అదిమిపెట్టుకున్నంత పని చేసి అడిగాడు. అమ్మాయి తడబడుతూ, వెనక్కి వెళ్తూ, ముందుకొస్తూ చెప్పింది. మధ్యలో మూడుసార్లు అతనికి జవాబు నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమె చెప్పడం పూర్తయింది. ఆమె అతని వైపు చూస్తోంది. ఇప్పుడు ఏమనాలో అతనికి తెలియదు. ముప్ఫై ఒక్క నోటుబుక్కుల్లోనూ ఆ తర్వాతి మాట లేదు.

"సర్, నేను వెళ్ళనా?" అంది అమ్మాయి.

"ఉండమ్మా. మళ్ళీ ఒకసారి చెప్తావా? నాకింకా అర్థం కాలేదు" అన్నాడు. అది మాత్రం నిజం.

ఆ సాయంత్రం నర్సమ్మకి ఫోన్ చేశాడు. "అక్కా, వాళ్ళు చెప్పేశాక మేడం ఏం చేసేవారు? నవ్వేవారా, బొమ్మ గీసేవారా, ఇంకో ప్రశ్న వేసేవారా?"

"నన్నడుగుతావేంటి? నేను ఆసుపత్రిలో సూదులు వేసుకునేదాన్ని. ఏడేళ్ళు రెండు గజాల దూరంలో కూర్చున్నది నువ్వు. చూడలేదా?"

తొందరయ్య గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. ఆ గది గుర్తొచ్చింది, కిటికీ గుర్తొచ్చింది, గుమ్మం ముందు వరస గుర్తొచ్చింది. ఆవిడ ముందుకి వంగి కూర్చునే తీరు గుర్తొచ్చింది. పెదవులు కదలడం కూడా కనబడుతోంది, మాటలు మాత్రం వినబడడం లేదు.

"లేదక్కా" అన్నాడు. "చూడలేదు. ఎంతమంది వరసలో ఉన్నారో లెక్కపెట్టుకుంటూ ఉండేవాణ్ణి."

"సరేలే. ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"వచ్చే మంగళవారం రమ్మన్నాను. వస్తుందో, రాదో."